డామ్, సబ్, స్విచ్: పాత్రల గొడవ మీద పదే పదే వచ్చే ప్రశ్నలు

విశాఖలో బీడీఎస్ఎం గురించి, అంటే ఇద్దరూ ఒప్పుకుని ఒకరు పెత్తనం చేయడం, ఇంకొకరు లొంగడం లాంటి ఇష్టాల గురించి మాట్లాడుకోవాలనుకునే మనుషులు తక్కువేం లేరు. మాట్లాడుకునే చోట్లే తక్కువ. సిరిపురంలో కాఫీ తాగుతూనో, సాయంత్రం బీచ్ రోడ్డులో నడుస్తూనో ఎవరో ఒకరు "అక్కా, చిన్న డౌట్" అంటారు. ఆ చిన్న డౌట్ ఏళ్ల తరబడి మారలేదు. నాది ఏ పాత్ర, ఆ పాత్రలో ఎలా ఉండాలి, అలా లేకపోతే నేను నకిలీనా? ఒకే జవాబు చెప్పి చెప్పి గొంతు పోయింది కాబట్టి రాసి పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి. పద్దెనిమిదేళ్లు నిండినవాళ్ల కోసం మాత్రమే ఇది. ఎలా కట్టాలి, ఎలా కొట్టాలి అన్నవి ఇందులో వెతక్కండి.

## మాటలు కొత్తగా విన్నవాళ్లకి

డామ్, సబ్, టాప్, బాటమ్... అన్నీ ఒకటేనా, వేరు వేరా?

వేరు. టాప్, బాటమ్ అనేవి పని గురించిన మాటలు: చేసేవాళ్లు టాప్, చేయించుకునేవాళ్లు బాటమ్. డామ్, సబ్ అనేవి అధికారం గురించిన మాటలు: మాట డామ్‌ది, వినేది సబ్. "నాకు నడుం దగ్గర తాడు ఇంకాస్త బిగించు, అలాగే పావుగంట ఉంచు" అని చెప్పి కట్టించుకునే మనిషి బాటమే, కానీ ఆ పూట అజమాయిషీ అంతా ఆమెదే. "కాళ్లు ఒత్తు" అని హుకుం జారీ చేసే మనిషి ఒళ్లు కదపడం లేదు, అయినా డామ్. ఇవి రెండూ సందర్భాన్ని బట్టి మార్చుకునేవాళ్లు స్విచ్.

బీడీఎస్ఎం అన్న మాట 1990ల మొదట్లో ఇంటర్నెట్ చర్చల్లో వాడుకలోకి వచ్చింది. బంధనం–క్రమశిక్షణ, ఆధిపత్యం–లొంగుబాటు, హింసానందం–వేదనానందం అనే మూడు జంటల్ని ఒకే మూటలో కట్టారు. మూట ఒకటే అయినా లోపలి సరుకు వేరు. తాళ్లంటే ఇష్టం ఉండి ఎవరి మాటా వినని మనుషులున్నారు. మాట వినడం ఇష్టమై, చిన్న గిల్లుడు కూడా తట్టుకోలేనివాళ్లూ ఉన్నారు. నేను విన్న గొడవల్లో సగం ఈ మూటని విప్పకుండా మోయడం వల్ల వచ్చినవే.

నేను పుట్టుకతోనే సబ్ అనిపిస్తుంది. తేల్చుకోవడానికి టెస్ట్ ఏదైనా ఉందా?

ఆన్‌లైన్‌లో క్విజ్‌లున్నాయి. "మీరు 87 శాతం సబ్, 12 శాతం డామ్" అని చెప్తాయి. రైల్వే స్టేషన్లో రూపాయి వేస్తే బరువుతో పాటు జాతకం చీటీ ఇచ్చే మెషిన్ గుర్తుందా? దాని మీద పెట్టినంత నమ్మకం వీటి మీదా పెట్టండి. సరదాకి బాగుంటాయి, మాట్లాడుకోవడానికి నాలుగు మాటలు దొరుకుతాయి.

ఇక పుట్టుక సంగతి. ఊహ తెలిసినప్పటి నుంచీ ఇలాగే ఉన్నామని చెప్పేవాళ్లని నేను చాలామందిని చూశాను, వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. నలభై దాటాక, అదీ ఒక్క మనిషితోనే ఈ కోరిక కలిగినవాళ్లనీ చూశాను. "నాకు ఇలా ఉంది" అన్నంత వరకు ఎవరికీ ఇబ్బంది లేదు. "అసలైన సబ్ అంటే ఇలాగే ఉండాలి" దగ్గర తగాదా మొదలవుతుంది.

మగాడు డామ్, ఆడది సబ్. ఇదే ప్రకృతి కదా, మిగతావన్నీ ఫ్యాషన్ కదా?

ఈ ప్రశ్న అడిగేవాళ్లలో ఎక్కువమంది నిజానికి అడగరు, తీర్పు చెప్తారు. అయినా జవాబు చెప్తాను.

నెదర్లాండ్స్‌లో 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో 902 మంది బీడీఎస్ఎం చేసేవాళ్లని, చేయని 434 మందిని పోల్చి చూశారు. అందులో ఆడవాళ్లలో దాదాపు మూడొంతుల మంది తమని సబ్ అనుకున్నారు. మగవాళ్లలో సుమారు సగం మంది డామ్, మూడో వంతు సబ్. అంటే మొగ్గు ఉంది, లేదని నేను అబద్ధం చెప్పను. కానీ ముగ్గురు మగవాళ్లలో ఒకడు సబ్ అయినప్పుడు దాన్ని "ప్రకృతికి విరుద్ధం" అంటే ఆ ప్రకృతికి లెక్కలు రావని అర్థం. పైగా ఆ మొగ్గులో పుట్టుక ఎంత, పెంపకం ఎంత అన్నది అలాంటి సర్వే చెప్పలేదు. మన ఇళ్లలో ఆడపిల్లకి ఐదో ఏటి నుంచే "ఎదురు మాట్లాడకు" అని నేర్పుతారు. అబ్బాయి ఏడిస్తే "ఆడపిల్లలా ఏంటిరా" అంటారు. ఇరవై ఏళ్లు ఇలా రుద్ది, ఆ తర్వాత వచ్చిన ఫలితాన్ని చూసి సహజం అంటే ఎలా?

ఇదంతా పడమటి నుంచి దిగుమతి అయిన ఫ్యాషన్ అనే మాటకీ ఆధారం లేదు. కామసూత్రం రెండో అధికరణంలో స్త్రీ పురుషుడి పాత్ర తీసుకోవడం గురించి పురుషాయితం పేరుతో ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. మన పారిజాతాపహరణంలో నంది తిమ్మన సత్యభామ చేత కృష్ణుడి తలని ఎడమ కాలితో తోయించాడు. పదహారో శతాబ్దం, రాయలవారి ఆస్థానం. కృష్ణుడికి కోపం రాలేదు సరికదా, ఆ తన్ను తనకి గౌరవమన్నాడు, తన ఒంటి పులకలు ముళ్లలా గుచ్చుకుని ఆమె పాదం నొచ్చిందేమోనని కంగారుపడ్డాడు. దాన్ని బీడీఎస్ఎం అని నేను అనడం లేదు, అది ప్రణయ కలహం. కానీ తెలుగువాళ్ల ఊహలో ఆడది పైన, మగాడు పాదాల దగ్గర అనేది ఎప్పుడూ లేదని ఇంకెవరైనా అంటే ఈ పద్యాలు ఒకసారి చదవమనండి. (పాత తెలుగులో కినుకని "కిన్క" అని కూడా అంటారు. ఇంగ్లీషులో ఇలాంటి ఇష్టాల్ని "కింక్" అంటారు కదా, ఆ మాట చదివినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది.)

కూచిపూడి సత్యభామ అనగానే మా పెద్దవాళ్లకి గుర్తొచ్చేది వేదాంతం సత్యనారాయణ శర్మ. మగ మనిషి, వేషం కట్టాక సత్యభామే. వేషం తీశాక ఆయన ఆయనే. ఆ వేషానికీ ఆయన పుట్టుకకీ ఏ సంబంధం ఉందని ఎవరూ అడగలేదు.

స్విచ్ అంటే ఇంకా తేల్చుకోనివాళ్లేనా?

గాజువాకలో పెరిగినవాళ్లకి ఇది సులువుగా చెప్పొచ్చు. స్టీల్ ప్లాంట్‌లో ఎ షిఫ్ట్, బి షిఫ్ట్, సి షిఫ్ట్ మార్చి మార్చి చేసేవాణ్ణి పట్టుకుని "నీకు ఇంకా ఉద్యోగం ఏంటో తేలలేదా" అని ఎవరైనా అడుగుతారా?

కొందరు ఒకరితో డామ్, ఇంకొకరితో సబ్. కొందరు ఒకే మనిషితో వారానికో రకం. కొందరు ఐదేళ్లు ఒకవైపే ఉండి తర్వాత అటు తిరుగుతారు. కొత్తలో నిజంగానే తేల్చుకోలేక స్విచ్ అని రాసుకునేవాళ్లూ ఉన్నారు, అందులో తప్పేముంది? పెళ్లిచూపుల్లో "అమ్మాయికి ఏ వంటలు వచ్చు" అని ఠక్కున అడిగినట్టు, ఇక్కడ కూడా ఠక్కున ఒకే మాట చెప్పాలని జనం ఒత్తిడి చేస్తారు.

పాత రోజుల్లో అందరూ కింద నుంచే మొదలుపెట్టి పైకొచ్చేవాళ్లట. ఆ పద్ధతే మంచిదా?

ఈ కథ అమెరికా గే లెదర్ క్లబ్బుల గురించి, అంటే తోలు బట్టలు వేసుకుని ఇలాంటి ఇష్టాలున్న గే మగవాళ్లు కలిసే క్లబ్బుల గురించి చెప్తారు. ఆ క్లబ్బులు నిజం. లాస్ ఏంజెలెస్‌లో సేటర్స్ అనే మోటార్ సైకిల్ క్లబ్ 1954లో మొదలైంది. 1970లలో జేబురుమాలు గుర్తులు వాడుకలోకి వచ్చాయి, ఎడమ జేబులో ఉంటే టాప్, కుడి జేబులో ఉంటే బాటమ్. ఎదుటి మనిషికి గట్టిగా ఏమీ చెప్పకుండా సంగతి తెలియాలి, పోలీసులకి తెలియకూడదు. ఆ అవసరానికి పనికొచ్చిన గుర్తు అది.

అందరూ తప్పనిసరిగా బాటమ్‌గా శిక్షణ పొందాకే టాప్ అయ్యేవాళ్లన్న మాట మాత్రం అన్ని ఊళ్లకీ, అన్ని క్లబ్బులకీ వర్తించదు. తర్వాతి తరం వాళ్లు ఆ కాలాన్ని ఒకే నిబంధనల పుస్తకంలా ఊహించుకున్నారు. ఇందులో నాకు నచ్చే ముక్క ఒకటుంది: ఇంకొకరి మీద వాడేదాన్ని ముందు మన ఒంటి మీద కాస్త చూసుకోవడం. దానికి సబ్ అవ్వక్కర్లేదు, బుద్ధి ఉంటే చాలు.

## మనుషుల్ని కలిసేటప్పుడు

మొదటి మెసేజ్‌లోనే "సర్ అని పిలువు" అంటున్నాడు. అనాలా?

అనక్కర్లేదు. మీరు సబ్ అయితే ఎవరో ఒకరికి సబ్ అవుతారు. ఊళ్లో ఉన్న డామ్‌లందరికీ కాదు.

ఇంగ్లీషులో రాసేవాళ్లు డామ్ పేరు పెద్ద అక్షరంతోనూ, సబ్ పేరు చిన్న అక్షరంతోనూ రాసే అలవాటు ఉంది. దాని మీద వాళ్లలో వాళ్లకే బోలెడు వాదనలు. తెలుగులో పెద్దక్షరం, చిన్నక్షరం లేవు కదా, బతికిపోయాం అనుకున్నాను. అంతకంటే ఘాటైన సరుకు మన దగ్గర ఉంది: నువ్వు, మీరు, అండి, గారు, రా, వే. క్రియాపదం చివర ఏముందో చూస్తే ఎవరు ఎవరికి లోకువో తెలిసిపోతుంది. అందుకే ఒప్పందం చేసుకున్న జంట మధ్య "మీరు" అన్న ఒక్క మాట ఎంత పనైనా చేస్తుంది. పగలంతా నువ్వు నువ్వు అనుకునే ఇద్దరిలో ఒకరు తలుపు వేశాక "ఏమండీ" అంటే గది మారిపోతుంది. అంత విలువైన మాటని ముక్కూ మొహం తెలియని మనిషి ఉచితంగా అడుగుతున్నాడు.

కొత్తవాళ్లందరినీ, డామైనా సబ్ అయినా, నేను మీరు అంటాను. వాళ్లూ నన్ను మీరు అంటే సరి. ఒకాయన మొదటి పరిచయంలోనే నన్ను "వే" అన్నాడు, "సబ్ అని రాసుకున్నావుగా" అని పైగా సమర్థన. కాఫీ డబ్బులు టేబుల్ మీద పెట్టి లేచొచ్చేశాను.

ప్రొఫైల్లో ఏ పాత్ర రాయాలి? తర్వాత మార్చుకుంటే నవ్వుతారా?

ఫెట్‌లైఫ్ (ఇలాంటి ఇష్టాలున్నవాళ్ల సోషల్ మీడియా సైట్) లాంటి చోట్ల పాత్ర పెట్టడానికి ఒక గడి ఉంటుంది. అక్కడ ఒక్క ముక్క రాసేసి ఊరుకోకుండా కింద రెండు వాక్యాలు రాయండి: "తాళ్లంటే ఇష్టం, ఆజ్ఞలంటే కాదు. కొత్తగా నేర్చుకుంటున్నాను." ఈ రెండు వాక్యాలు చేసే పని గడిలోని మాట చేయదు. మార్చుకుంటే కొందరు నవ్వుతారు. నవ్వనీయండి. ఎవరు నవ్వారో గుర్తుపెట్టుకోవడం మాత్రం ఉపయోగం.

"నిజమైన సబ్‌కి లిమిట్స్ ఉండవు" అంటున్నారు. నాకు చాలా ఉన్నాయి. నేను నకిలీనా?

లిమిట్స్ అంటే ఏవి చేయకూడదో ముందే పెట్టుకునే హద్దులు. అవి లేవని చెప్పే సబ్ కంటే, ఉండకూడదని చెప్పే డామ్ ప్రమాదం. "నిజమైన" అన్న మాట వినపడగానే చెవులు నిక్కబొడుచుకోండి. ఆ మాటతో అమ్మే సరుకు ఏదైనా మిమ్మల్ని సిగ్గుపరిచి ఒప్పించడానికే.

"సురక్షితం, వివేకం, సమ్మతం" అన్న సూత్రం 1983లో న్యూయార్క్‌లోని ఒక గే సంఘం నుంచి వచ్చింది. పూర్తిగా సురక్షితం అనేది ఏదీ ఉండదు కదా అని వాదించి, 1999లో గ్యారీ స్విచ్ అనే ఆయన "ప్రమాదం తెలిసి, సమ్మతితో" అనే అర్థం వచ్చే ఇంకో మాట ముందుకు తెచ్చాడు. ఈ రెండు వర్గాలూ ఇప్పటికీ వాదించుకుంటాయి. కానీ లిమిట్స్ అక్కర్లేదని రెండిటిలో ఏదీ అనలేదు.

హద్దు లేకపోతే ఏమవుతుందో వాత్స్యాయనుడే రాశాడు. కుంతల శాతకర్ణి అనే శాతవాహన రాజు రతిలో "కర్తరి" దెబ్బ కొట్టి తన పట్టపు రాణి మలయవతి ప్రాణం తీశాడని ఉదాహరణగా చెప్పి, ఇలాంటివి వద్దన్నాడు. మన నేల రాజే.

నేను మగ సబ్‌ని. చెప్తే నన్ను మగాడిగా చూడరేమో?

కొందరు చూడరు. ఈ వర్గాల లోపల కూడా మగ సబ్‌లకి లోకువ ఎక్కువ. డబ్బు పంపేవాడిగానో, చీర కట్టించి నవ్వుకోవాల్సినవాడిగానో ముందే లెక్క కడతారు. చీర కట్టుకోవడం ఇష్టమైతే హాయిగా కట్టుకోండి. ఇష్టం లేకపోయినా "సబ్ అన్నాక అంతే" అంటే అది మీ కోరిక కాదు, వాళ్ల అచ్చు. ఆడతనం అంటేనే అవమానం అన్న నమ్మకం కూడా ఆ అచ్చులోనే ఉంది, అది గమనించారా?

దీనికి తోడు ఇంకో కథ ప్రచారంలో ఉంది: పగలంతా వందమంది మీద పెత్తనం చేసే పెద్ద ఆఫీసర్లే రాత్రికి లొంగుతారని. మన ఊళ్లో షిప్‌యార్డు, నేవీ ఉన్నాయి కాబట్టి ఈ కథకి గిరాకీ ఎక్కువ. నాకు తెలిసిన మగ సబ్‌లలో ఆటో నడిపేవాళ్లున్నారు, మెడికల్ షాపులో పనిచేసేవాళ్లున్నారు, గ్రూప్ పరీక్షలకి మద్దిలపాలెంలో రూమ్ తీసుకుని చదివేవాళ్లున్నారు. వాళ్లకి పగలు దించుకోవడానికి ఏ అధికారమూ లేదు.

మేమిద్దరం అమ్మాయిలం. "మీలో డామ్ ఎవరు, అంటే మగ ఎవరు" అని అడుగుతారు.

జవాబు చెప్పకపోవడం మీ హక్కు. స్త్రీవాదుల్లోనే ఈ గొడవ ఘోరంగా జరిగింది. 1978లో శాన్‌ఫ్రాన్సిస్కోలో సమోయిస్ అనే లెస్బియన్ స్త్రీవాద బీడీఎస్ఎం బృందం ఏర్పడినప్పుడు, అధికారంతో ఆడుకోవడం అంటే మగ పెత్తనాన్ని నకలు చేయడమేనని కొందరు స్త్రీవాదులు తీవ్రంగా వ్యతిరేకించారు. అక్కడ ఇద్దరూ ఆడవాళ్లే. మగ ఎవరన్న ప్రశ్నకి చోటే లేదు.

విశాఖ చిన్న ఊరు. మొదటిసారి ఎక్కడ కలవాలి?

పగలు, జనం ఉన్నచోట. కాఫీ షాపు చాలు. రుషికొండ వైపో భీమిలి వైపో రిసార్ట్ గది బుక్ చేశానంటే వద్దనండి. వెళ్లేముందు ఒక్క స్నేహితురాలికైనా ఎక్కడున్నారో చెప్పండి. తెలిసిన బాబాయి ఎదురుపడితే "ఆఫీసు ఫ్రెండ్" అంటే సరిపోతుంది, ఈ ఊళ్లో అందరూ అదే చెప్తారు.

## సంబంధం నడుస్తున్నప్పుడు

సేఫ్ వర్డ్ సబ్ కోసం కదా, డామ్‌కి ఎందుకు?

సేఫ్ వర్డ్ అంటే వినగానే ఆట ఆపేయాలని ముందే అనుకున్న మాట. ఆగాలనిపించడానికి కింద ఉండక్కర్లేదు. చెయ్యి నొప్పి పుట్టొచ్చు, పాత జ్ఞాపకం ఏదో తగలొచ్చు, ఎదుటివాళ్లు అడుగుతున్నది మరీ ఎక్కువనిపించొచ్చు. "డామ్ అన్నాక వెనక్కి తగ్గకూడదు" అనే నమ్మకం వల్ల ఇష్టం లేని పని చేసి నెలల తరబడి మధనపడినవాళ్లని చూశాను. సమ్మతి ఇద్దరిది.

మాట ఎంచుకునేటప్పుడు ఇంకో సంగతి. "వద్దు", "ఆపు" అనేవి ఆటలో భాగంగా దొర్లే అవకాశం ఉంటే వేరే మాట పెట్టుకోండి. మా ఊరి పేర్లు బాగా పనిచేస్తాయి. ఆ సమయంలో "కొమ్మాది" అని ఎవరూ పొరపాటున అనరు.

నేను డామ్‌ని. అంతా అయ్యాక ఒక్కోసారి ఏడుపొస్తుంది. ఇది బలహీనతా?

కాదు. సీన్ (అంటే ఒక విడత ఆట) తర్వాత మనసు దిగజారడం సబ్‌లకే వస్తుందని అనుకుంటారు, డామ్‌లకీ వస్తుంది. "ప్రేమించే మనిషిని నేనే కొట్టానా" అన్న ఆలోచన మర్నాడు పొద్దున బ్రష్ చేసుకుంటూ తగులుతుంది. ఆఫ్టర్ కేర్ (సీన్ అయ్యాక ఒకరినొకరు చూసుకోవడం) అంటే డామ్ దుప్పటి కప్పడం, సబ్ కప్పించుకోవడం అని ఒక బొమ్మ గీసేశారు. సబ్ లేచి టీ పెట్టి, "నాకు బాగుంది, నువ్వు బాగున్నావా" అని అడిగితే ఆ బొమ్మ చెడిపోదు. మావాడు ఒకడు సీన్ అయ్యాక పెరుగన్నం కలిపి పెట్టించుకుంటాడు. ఇంట్లో ఆజ్ఞలు జారీ చేసేది వాడే.

నాకేం కావాలో నేను చెప్తే "కింద నుంచి పెత్తనం చేస్తున్నావు" అంటున్నాడు.

నిజంగా అలా చేసేవాళ్లు ఉంటారు. ఒప్పుకున్న ఆటని మధ్యలో లాగేసుకుని, ఎదుటి మనిషిని బొమ్మలా ఆడించేవాళ్లు. అది చిరాకే. కానీ ఎక్కువసార్లు ఈ మాట వాడేది సబ్ నోరు మూయించడానికి. ముందే కూర్చుని మాట్లాడుకునేటప్పుడు పాత్రలు ఉండవు, ఇద్దరూ సమానం. మధ్యలో "చెయ్యి తిమ్మిరెక్కుతోంది" అంటే అది సమాచారం. తాడు నరం మీద నొక్కుకుంటే మణికట్టు పడిపోయే ప్రమాదం ఉంది, ఒక్కోసారి వారాల తరబడి కోలుకోదు. దాన్ని చెప్పడం పెత్తనం అయితే, డ్రైవర్‌కి "అన్నా, ఎదురుగా లారీ" అని చెప్పడమూ పెత్తనమే.

మూడేళ్లుగా నేను సబ్. ఇప్పుడు అటువైపు చూడాలనుంది. ఎలా చెప్పాలి?

దీనికి నా సొంత సంగతే చెప్తాను. నాలుగేళ్లు నేను సబ్. పేరు పక్కన రాసుకున్నాను, స్నేహితుల్లోనూ అదే గుర్తింపు. ఒకరోజు తాడు నా చేతిలో ఉన్నప్పుడు కలిగిన హుషారు చూసి నాకే టెన్షన్ పట్టుకుంది. కోరిక కంటే ఎక్కువగా నన్ను భయపెట్టింది వేరే. ఇన్నాళ్లూ అబద్ధమాడానని అనుకుంటారేమో అని. చెప్పడానికి ఆరు నెలలు పట్టింది.

చెప్పినప్పుడు ఆయన మొదట అన్నది "అయితే ఇన్నాళ్లూ నాతో నటించావా?" అని. నొప్పి కలిగింది, కానీ ఆ ప్రశ్న న్యాయమైనదే. నేను నటించలేదు. నిన్న ఆవకాయ ఇష్టంగా తిన్న మనిషి ఇవాళ పెరుగు అడిగితే నిన్నటి ఆకలి అబద్ధం అవ్వదు. అది ఆయనకి అర్థం కావడానికి చాలా సాయంత్రాలు టెన్నేటి పార్కులో కూర్చోవలసి వచ్చింది.

నేను చేసిన తప్పు ఒకటి మీరు చేయకండి: మంచం మీద, మధ్యలో చెప్పాను. బట్టలు వేసుకుని, టీ తాగుతూ, వేరే పని లేని రోజు చెప్పండి. "మనం మారాలి" అనకుండా "నాకు ఇది కూడా చూడాలనుంది, నీకు ఎలా ఉంటుంది" అని అడగండి. అవతలి మనిషి వద్దనొచ్చు. తనకి కింద ఉండటం అస్సలు సరిపడకపోవచ్చు, అది మీ మీద ప్రేమ లేకపోవడం కాదు. అప్పుడు ఏం చేయాలన్నది పాత్రల ప్రశ్నగా మిగలదు, మామూలు సంసారాల్లో వచ్చే ప్రశ్నే. కొందరు సర్దుకున్నారు, కొందరు విడిపోయారు. మేం రెండోది.

మా ఆయన "నువ్వు సబ్‌వి కదా" అని జీతం తీసేసుకుంటాడు, పుట్టింటికి పంపడు. ఇది 24/7 సంబంధమా?

మీరు ఎప్పుడైనా, భయం లేకుండా, "ఈ రోజుతో ఇది ఆపేద్దాం" అనగలరా? అనగలిగితే, ఆయన ఆపితే, అది మీ ఇద్దరి ఒప్పందం. రోజంతా అధికారం అప్పగించి సంతోషంగా బతికే జంటలు ఉన్నాయి, వాళ్లని నేను తప్పుపట్టను. అనలేకపోతే అది మన వీధుల్లో తరతరాలుగా ఉన్నదే, కొత్త ఇంగ్లీషు పేరు పెట్టుకుని వచ్చింది.

ఇది మన సమాజంలో మరీ గజిబిజి. అత్తగారి ముందు తల వంచడం, అన్నీ అడిగి చేయడం ఇక్కడ కోడలి డ్యూటీ. దానికీ, ఎంచుకున్న లొంగుబాటుకీ బయటి నుంచి చూస్తే తేడా కనపడదు. తేడా అంతా ఎంపికలో ఉంది. గృహహింస నుంచి స్త్రీలకు రక్షణ కల్పించే 2005 చట్టం కొట్టడాన్నే కాదు, లైంగిక, మానసిక, ఆర్థిక హింసని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. జీతం లాక్కోవడం అందులోకి వస్తుంది. మహిళల హెల్ప్‌లైన్ 181, ప్రాణం మీదకొస్తే 112. ఫోన్ చేసినప్పుడు బీడీఎస్ఎం గురించి చెప్పనక్కర్లేదు, జరుగుతున్నది చెబితే చాలు.

ఇద్దరం డామ్‌లమే. కుదురుతుందా?

కుదురుతుంది, కష్టపడితే. వంటింట్లో ఎవరి మాట నెగ్గుతుందన్నదే మీకు పెద్ద సమస్య అవుతుంది.

## చట్టం, డాక్టరు, బెదిరింపులు

ఇద్దరం ఒప్పుకున్నాం. ఇంక చట్టానికి పనేముంది?

ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 25వ సెక్షన్ ప్రకారం, పద్దెనిమిదేళ్లు దాటిన మనిషి ఒప్పుకుని భరించే హాని, చేసేవాళ్లకి ప్రాణం తీయాలనో తీవ్రమైన గాయం చేయాలనో ఉద్దేశం లేనంత వరకు, అలా జరగొచ్చని తెలియనంత వరకు నేరం కాదు. చట్టం అక్కడ ఇచ్చిన ఉదాహరణ సరదాకి కత్తిసాము చేసుకునే ఇద్దరిది. ఎముక విరిగినా, పదిహేను రోజులు తీవ్రమైన బాధ మిగిల్చినా అది తీవ్ర గాయం (116వ సెక్షన్), అలా జరగొచ్చని తెలిసి చేస్తే ఒప్పుకున్నారన్న మాట మిమ్మల్ని కాపాడదు. భయంతో ఇచ్చిన సమ్మతి సమ్మతి కాదు. అత్యాచారం సెక్షన్‌లో, ప్రతిఘటించలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అనడం కుదరదని కూడా ఉంది. "ఆమె సబ్ అని రాసుకుంది" అన్నది ఎక్కడా సమ్మతిగా లెక్కకి రాదు.

బ్రిటన్‌లో మరీ గట్టిగా ఉంది. పెద్దవాళ్లయిన మగవాళ్లు పరస్పరం ఒప్పుకుని చేసుకున్న పనులకి 1993లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ముగ్గురు–ఇద్దరు తేడాతో శిక్షలు ఖాయం చేసింది. మన దగ్గర స్వలింగ సంబంధాల భయం 2018 సెప్టెంబర్ 6 నాటి సుప్రీంకోర్టు తీర్పుతో తగ్గింది, గాయాల విషయం దానికి వేరు.

ఇది జబ్బా? డాక్టర్‌కి చెప్తే మందులిస్తారా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లోకి తెచ్చిన జబ్బుల జాబితాలో సమ్మతితో కూడిన ఈ ఇష్టాలకి జబ్బు పేరు లేదు. అమెరికా సైకియాట్రిస్టుల పుస్తకం 2013లోనే, ఇష్టం ఉండటం వేరు, దానివల్ల బాధో ఇతరులకి హానో కలిగితే వేరు అని విడదీసింది. డాక్టర్లందరూ ఇవి చదివి ఉంటారని మాత్రం మాట ఇవ్వలేను. ఒకరు నాకు పెళ్లి చేసుకోమని సలహా ఇచ్చారు. నచ్చకపోతే మార్చండి. మనసు బాగోలేకపోతే టెలీ మానస్ 14416కి తెలుగులో కూడా మాట్లాడొచ్చు.

విడిపోయాక నా ఫొటోలు బయటపెడతానంటున్నాడు.

డబ్బు పంపకండి, మెసేజ్‌లు చెరపకండి, స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. అనుమతి లేకుండా ఒంటి మీది రహస్య భాగాల చిత్రాలు తీసినా పంపినా ఐటీ చట్టం 66ఇ కింద మూడేళ్ల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. సైబర్ నేరాల నంబర్ 1930. బెదిరించేవాడు డామా, సబ్‌బా అన్నది కేసుకి అనవసరం.

ఇంతకీ అక్కా, మీరిప్పుడు డామా, సబ్‌బా?

ఈ ప్రశ్న ఎప్పుడూ చివర్లోనే వస్తుంది, బిల్లు వచ్చాక. నిరుడు అడిగినవాళ్లకి ఒకటి చెప్పాను. ఇప్పుడు చెప్పాలంటే ముందు ఇంట్లో ఒక మనిషిని అడగాలి.